చేతిమాటల చిత్తుప్రతి

నేను మాట్లాడే భాష ఈ భూమండలం మొత్తమ్మీద నాకూ, ఇంకో దుర్మార్గుడికీ తప్ప ఎవడికీ రాదు. పైగా అది నోటితో మాట్లాడే భాష కాదు, చేతులతో మాట్లాడేది. దాని మీద కాలేజీ వాళ్ళు పరిశోధన చేయించారు. నా చేతుల బొమ్మలు గీయించారు. ఆ కాగితాలు చదివి ప్రొఫెసర్లందరూ కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. పల్లెటూరి బడిలో పలక పగలగొట్టి పారిపోయొచ్చినవాడికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి?

మా వీధిలో నన్ను కోతల తాత అంటారు. కాబట్టి మీరు కాస్త అనుమానంగానే చదువుతారని తెలుసు. అలాగే చదవండి. ఎక్కడ కోశానో చివర్లో నేనే చెప్తాను.

కథ మొదలైంది మా మనవరాలితో. కొడుకు కూతురు. కాలేజీలో ఆఖరి ఏడాది. ఒకరోజు భుజాన సంచీతో వచ్చి నా కుర్చీ ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"తాతయ్యా, నీ చేతులు చూపించు."

"ఎందుకే, గోళ్ళు తీస్తావా?"

"నీ మిల్లు గుర్తులు రాసుకుంటాను. నా పరిశోధనా వ్యాసం దాని మీదే. మేడమ్ ఒప్పుకున్నారు. ముందు చిత్తుప్రతి ఇవ్వాలి. అది బాగుంటేనే అసలు వ్యాసం, అది పాసైతేనే డిగ్రీ."

మిల్లు సంగతి మీకు చెప్పాలి. మాది మరమగ్గాల షెడ్డు. ఒక్కో మగ్గం ఒక్కో రైలింజను. అన్నీ కలిసి కొడుతుంటే పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా వాడికి వెచ్చగా గాలి తగిలేదే గానీ మాట తగిలేది కాదు. ఒకసారి షెడ్డు పక్కన పిడుగు పడితే పక్క మగ్గం వాడు తుమ్మాడనుకుని వాడి వంక కోపంగా చూశాను. (ఇది కోతే. చివరిదాకా ఆగలేకపోయాను.)

అందుకని చేతులతో మాట్లాడుకునేవాళ్ళం. ఎవరు కనిపెట్టారో తెలీదు, ఎవరూ నేర్పలేదు. కొత్తగా చేరినవాడు కొన్నాళ్ళు బిక్కమొహం వేసుకుని చూసేవాడు, తర్వాత వాడి చేతులూ మొదలెట్టేవి. బొటనవేలు కింది పెదవికి ఆనిస్తే తిన్నావా అని. రెండు చూపుడు వేళ్ళ కొసలు కలిపి విడదీస్తే దారం తెగిందని. పొట్ట నిమిరితే మేనేజరు వస్తున్నాడని. చెవి తమ్మె పట్టుకుని లాగితే అబద్ధం చెప్తున్నావని. అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి చెవి పక్కనుంచి విసిరితే నాడె ఎగిరిందని. నాడె అంటే పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరిగెత్తే కొయ్యముక్క, రెండు కొసలకీ ఇనుప మొనలుంటాయి. అది దారి తప్పి మగ్గంలోంచి బయటికి ఎగిరిందంటే ఎవడి కన్నో పోవాల్సిందే. ఆ గుర్తు చూశాక ఎందుకు, ఎవరు అని ఆలోచించేది లేదు. తల దానంతటదే వంగేది.

మా ఆవిడ పక్క గదిలో నాడెల్లో పెట్టే దారపు కండెలు చుట్టేది. ఆ గదికీ మా షెడ్డుకీ మధ్య తలుపు లేని పెద్ద ద్వారం, ఆ ద్వారం పక్కనే ఆవిడ మిషను. అటు ఆడవాళ్ళకీ ఇటు మగవాళ్ళకీ కనిపించే చోటు అదొక్కటే. ఏ కబురైనా ఆవిడ చేతుల మీదుగా పోవాల్సిందే. పెళ్ళికి ముందు నేను ఆవిడని అడిగింది కూడా చేతులతోనే. కాదంది, అదీ చేతులతోనే. రెండు గదులూ చూశాయి. సాయంత్రానికి మిల్లు గేటు దగ్గర బడ్డీకొట్టువాడు కూడా నన్ను ఓదార్చాడు. తర్వాత ఎలా ఒప్పుకుందన్నది వేరే కథ.

మిల్లు పోయాక కూడా ఆవిడ చేతులు ఊరుకోలేదు. వంటింట్లోంచి నన్ను నోటితో పిలిచేదే కాదు. మనవరాలికి మాటలు రాకముందే తిన్నావా అంటే తల ఊపడం నేర్పింది. నేను ఏ కథ మొదలెట్టినా ఇద్దరూ కలిసి చెవి తమ్మెలు లాక్కునేవాళ్ళు. ఆవిడ పోయింది. ఆ చేతులు గుర్తుండబట్టే పిల్ల ఈ వ్యాసం తలకెత్తుకుంది.

"నువ్వు కూడా పోయేలోపు అన్నీ రాసేసుకోవాలి తాతయ్యా," అంది, పెన్సిల్ చెక్కుతూ.

"తొందరేం లేదులే. నేను పోవడం వాయిదా వేశాను."

ఇక మొదలెట్టాం. ఆ పిల్ల మాట అడుగుతుంది, నేను గుర్తు చూపిస్తాను, ఆ పిల్ల బొమ్మ గీసి పక్కన వివరం రాస్తుంది. ఆ పూట పని అయ్యాక అడుగున "పైన రాసినవి నేను చెప్పినవే" అని రాసి నా చేత సంతకం పెట్టిస్తుంది. మేడమ్ గారి పద్ధతట. కాలేజీకి పోయే కాగితం మీద నా సంతకం! ఆ మత్తులో నేను కాస్త రెచ్చిపోయాను. అసలు గుర్తులు అయిపోవచ్చాయి, పిల్ల మొహంలో ఉత్సాహం తగ్గలేదు. ఎందుకు తగ్గించాలి? చందమామకి గుర్తుందన్నాను. పెళ్ళికి గుర్తుందన్నాను. అప్పులవాడికి గుర్తుందన్నాను. వియ్యపురాలికీ, ఆమె అలిగినప్పటికీ విడివిడిగా గుర్తులున్నాయన్నాను. అన్నీ రాసింది. కొన్నాళ్ళ తర్వాత అవే మళ్ళీ అడిగింది. నేను చూపించాను. పెన్సిల్ ఆగింది.

"తాతయ్యా, పోయినసారి పెళ్ళికి రెండు అరచేతులూ కలిపావు. ఇవాళ ముక్కు పట్టుకున్నావు."

"అది పెళ్ళైన కొత్తలో వాడే గుర్తే. ఇది తర్వాతది."

నవ్వలేదు. చెవి తమ్మె కూడా లాక్కోలేదు. రబ్బరు తీసుకుని బొమ్మలు ఒక్కొక్కటే తుడిచింది. కాగితం మీద రాలిన రబ్బరు పొడిని ఊదేసి, "ఇంకా ఎన్ని కల్పించావు?" అంది. చెప్పాను. నిజాయితీగా చెప్పాను. చెప్పిన కొద్దీ తుడుస్తూ పోయింది. మిగిలినవి చూస్తే నెలవంక కంటే సన్నగా ఉంది వ్యాసం.

మర్నాడు మేడమ్ కొత్త నియమం పెట్టిందట. తప్పు పట్టను, ఆవిడ స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. "మీ తాతగారొక్కరే చెప్తే అది ఆయన జ్ఞాపకం. ఇంకొకరు విడిగా, ఆయన ఎదురుగా లేనప్పుడు అదే చెప్తే అప్పుడు రాద్దాం. గుర్తయినా సరే, సంగతయినా సరే, ప్రతిదానికీ ఇద్దరు." అదీ నియమం.

"ఇంకెవరున్నారు తాతయ్యా?"

చాలామంది పోయారు. కొందరు పిల్లల దగ్గరికి వెళ్ళిపోయారు, ఎక్కడున్నారో తెలీదు. ఒకాయన ఉన్నాడు గానీ ఆయనకి ఇప్పుడు తన పేరే గుర్తు లేదు.

"మేస్త్రీ ఉన్నాడు," అన్నాను.

"ఆయన అడ్రసు చెప్పు."

"ముందు సంగతి చెప్తాను. తర్వాత అడ్రసు."

అప్పుడు చెప్పాను, ఆ గుర్తులు ఎలా పోయాయో. కొడుక్కి కూడా అంత వివరంగా చెప్పలేదు.

మేస్త్రీ అప్పటికి మేస్త్రీ కాదు. నా పక్క మగ్గం వాడు. ఇద్దరం ఒకే డబ్బాలోంచి తినేవాళ్ళం. ఒకసారి వాడి మగ్గం నాడె ఎగిరితే ద్వారం దగ్గర్నుంచి మా ఆవిడే చూసి చెయ్యి విసిరింది. వాడు వంగాడు. నాడె వెళ్ళి వెనక గోడలో దిగబడింది. ఆ రోజు వాడి తల వాడి మెడ మీద మిగిలిందంటే అది ఆవిడ చలవే. తర్వాత వాణ్ణి మేస్త్రీని చేశారు. మా అందరికీ సంతోషమే, మనవాడే కదా పైన ఉన్నాడు అని. ఆ తర్వాత కొన్నాళ్ళకి మగ్గాల వేగం పెంచారు. నాడెలు ఎగరడం ఎక్కువైంది, ఒకడి పళ్ళు రాలాయి. రేపు పొద్దున్న అందరం ఒక్కసారి మగ్గాలు ఆపేద్దామని అనుకున్నాం. ఎవరూ నోరు విప్పి అనుకోలేదు. అరచెయ్యి బోర్లా తిప్పితే రేపు, పిడికిలి బిగిస్తే ఆపెయ్యి. మా ఆవిడ ఆ మాట ఇటునుంచి అటు అందించింది. అంతే. ఆ సాయంత్రమే మేనేజరు ఒక్కొక్కళ్ళనే గదిలోకి పిలిచాడు. మొట్టమొదట పిలిచింది ఆవిడనే. కబురు అందించినవాళ్ళు ఎవరో, ఎటునుంచి ఎటు పోయిందో అన్నీ వాళ్ళకి తెలుసు. మేనేజరుకి చేతిమాటలు రావు. పై మెట్టు మీదున్నవాళ్ళలో అవి చదవగలిగినవాడు ఒక్కడే.

మర్నాడు ఏ మగ్గమూ ఆగలేదు. షెడ్డులో ఖాళీ దొరికిన చేతులన్నీ జేబుల్లోనే ఉన్నాయి. తిన్నావా అని కూడా ఎవడూ అడగలేదు. ఒక్క గుర్తు మాత్రం కొత్తగా పుట్టింది. రెండు వేళ్ళు కళ్ళ కింద ఆనించడం. వాడు చూస్తున్నాడు అని. ఆ భాషలో పుట్టిన ఆఖరి మాట అదే. అదొక్కటే మిగిలి మిగతావన్నీ పోయాయి.

మీ నాయనమ్మని పనిలోంచి తీసేశారు, మళ్ళీ ఏ మిల్లూ రానివ్వలేదు, ఇళ్ళలో గిన్నెలు తోమింది, అని కూడా చెప్పాను. "ఇదంతా నీ కాగితాల్లో పడాలి. చందమామ పోతే పోయింది. నాకు ఇదొక్కటీ కావాలి."

మనవరాలు చాలాసేపు నా మొహంలోకి చూసింది. దేనికోసం వెతుకుతోందో నాకు తెలుసు.

"తాతయ్యా, నిజం చెప్పు. ఇది కూడా కోతేనా?"

కోతల తాతని కదా. జీవితాంతం వినోదం పంచినందుకు వచ్చిన బిరుదు అది.

మేస్త్రీ దగ్గరికి ఒక్కతే వెళ్ళింది, నియమం ప్రకారం. తిరిగొచ్చి చెప్పులు విప్పకుండానే చెప్పింది. "అలాంటివేం లేవట. ఆ రొదలో గట్టిగా అరుచుకునేవాళ్ళట. 'మీ తాత కోతలు కోస్తాడమ్మా, వాడి మాటలు కాలేజీదాకా తీసుకెళ్ళావా' అని జాలిపడ్డాడు."

"ఒక్క గుర్తు కూడా లేదన్నాడా?"

"ఒక్కటీ. తిన్నావా కూడా లేదట."

అర్థమైంది నాకు. ఒక్క గుర్తు తెలుసని ఒప్పుకుంటే అన్నీ చదవగలనని ఒప్పుకున్నట్టే. అందుకని వాడు తన బతుకులో సగభాగం లేనేలేదనేశాడు. అంతటి కోత నేను కూడా ఎప్పుడూ కొయ్యలేదు. నా కోతల్లో వస్తువులు పెరుగుతాయి గానీ మాయం కావు.

"పద, నేనూ వస్తాను," అన్నాను.

"నువ్వు ఎదురుగా ఉంటే లెక్కలోకి రాదు తాతయ్యా."

"లెక్కలోకి రాకపోతే పోయె. చూపులోకి వస్తుంది."

మేస్త్రీది మేడ మీది వాటా. మెట్లంతా తడిబట్టలు ఆరేసి ఉన్నాయి, ఒక్కోటీ మొహానికి తగిలించుకుంటూ ఎక్కాను. లోపల టీవీ ఆ వీధి మొత్తానికీ వినపడుతోంది. వాడికీ చెవుడే. షెడ్డు మా అందరికీ తలా కొంత ఇచ్చిన పింఛను అది. కోడలు తలుపు తీసి, టీవీ తగ్గించి, టీ తెచ్చింది. మంచి పిల్ల. మేస్త్రీ నన్ను చూసి లేవలేదు.

"ఏరా, ఇంకా ఉన్నావా?"

"నీకు చెప్పకుండా పోతానా?"

"మీ మనవరాలికి చెప్పానుగా. లేని వాటిని ఉన్నాయని ఎలా చెప్పను? చదువుకునే పిల్ల, ఎందుకురా దాని కాలం పాడుచేస్తావు?" అని, మా పిల్ల వైపు తిరిగాడు. "చూడమ్మాయ్, వీడు నాడెతో పక్షిని కొట్టానని చెప్పేవాడు. అట్లాంటి మనిషి."

"కొట్టాను," అన్నాను. "పెద్ద పక్షే."

వాడు నవ్వి టీ కప్పు నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు. సరిగ్గా అప్పుడు, కప్పు పెదవికి తగిలే క్షణాన, నేను అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి నా చెవి పక్కనుంచి విసిరాను.

వాడు వంగాడు. ముసలాడు, మోకాళ్ళ నొప్పుల మనిషి, కుర్చీలోంచి సగం జారి, తల మోకాళ్ళలో పెట్టుకుని, చెయ్యి చెవి మీద అడ్డం పెట్టుకున్నాడు. టీ అంతా లుంగీ మీద.

కోడలు పరిగెత్తుకొచ్చింది. "అయ్యో, ఏమైంది మావయ్యా?"

"ఈగ," అన్నాడు మేస్త్రీ, తల పైకెత్తకుండా.

"చాలా పెద్ద ఈగమ్మా," అన్నాను నేను. "నేనూ చూశాను."

గుడ్డ తెచ్చి తుడిచింది. మనవరాలు వాడి చేతులనే చూస్తోంది. కోడలు ఆ గుడ్డ పిండడానికి రెండడుగుల అవతల వంటింట్లోకి వెళ్ళింది, తలుపు తెరిచే ఉంది. ఏ మాటయినా అటు వినపడుతుంది. మేస్త్రీ ఆ తలుపు వంక చూశాడు, మా వంక చూశాడు. అప్పుడు వాడి చేతులు లేచాయి.

ఆ భాషలోనే మాట్లాడాడు. లేదన్న భాషలోనే. వేళ్ళు వంకర్లు పోయాయి గానీ మాట మాత్రం చెక్కుచెదరలేదు. ఎంత స్పష్టంగా ఉందంటే నాకు ఒక్క క్షణం కోపం మర్చిపోయి, ఇన్నేళ్ళకి ఎవడో నాతో మాట్లాడుతున్నాడన్న సంతోషమేసింది. ఆ సంతోషానికి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

అన్నీ చెప్తాను, అన్నాడు. చేతులు రెండూ చాపి, అన్నీ. తర్వాత రెండు వేళ్ళు కళ్ళ కింద ఆనించాడు. ఆ ఆఖరి మాట. తన మీద పుట్టిన మాట. వాడికి అదీ తెలుసు! ఆ తర్వాత చూపుడు వేలూ నడిమి వేలూ కత్తెరలా ఆడించాడు. తానులో నేత చెడ్డ చోట ఆ ముక్క కత్తిరించి పారెయ్యమని చెప్పడానికి వాడే గుర్తు అది.

"ఏమంటున్నాడు?" అంది మనవరాలు నా చెవిలో.

"గుర్తులన్నీ ఒప్పుకుంటాడట. ఆ ఒక్కటీ, మీ నాయనమ్మ సంగతీ కత్తిరించెయ్యాలట," అన్నాను గొంతు తగ్గించి.

నా పెదవులు చూసి వాడు తలూపాడు. వంటింటి వైపు వేలు చూపించాడు, వాళ్ళకి తెలీదు అన్నట్టు. అరచేతులు రెండూ వెల్లకిలా తిప్పాడు. ఎలాగూ మిల్లు పోయేదేగా అన్నాడో, నన్నేం చెయ్యమంటావు అన్నాడో. రెంటికీ ఒకటే గుర్తు.

నేను పిడికిలి బిగించి చూపించాను. ఆపెయ్యి. కుదరదు.

మనవరాలు నా పిడికిలి చూసింది. వాడి కత్తెర వేళ్ళు చూసింది. తర్వాత నోటితోనే, నెమ్మదిగా, మర్యాదగా అంది. "సరేనండీ తాతగారూ. రేపట్నుంచి వస్తాను."

మెట్ల మీద తడిబట్టల మధ్య పోట్లాడుకున్నాం. నా మొహానికో దుప్పటి, దాని మొహానికో చీర.

"ఎవర్నడిగి సరేనన్నావే?"

"ఒక్క మాట పోతే మిగతావన్నీ బతుకుతాయి తాతయ్యా."

"ఆ ఒక్క మాటే మీ నాయనమ్మది."

"మిగతావి నాయనమ్మవి కావా? తిన్నావా నాయనమ్మది కాదా? నువ్వొక్కడివే చెప్తే మేడమ్ అన్నీ కొట్టేస్తారు. అప్పుడు ఆవిడ కథా ఉండదు, ఆవిడ మాటలూ ఉండవు, నా డిగ్రీ కూడా ఉండదు."

"వాడు వంగాడు కదా! నీ కళ్ళతో చూశావుగా!"

"చూశాను. ఏమని రాయను? టీ ఒలికింది అనా?"

పిల్ల రెండు మెట్లు దిగి, వెనక్కి తిరక్కుండా ఇంకో మాట అంది. "నువ్వు మొదట్లో ఆ చందమామలన్నీ చెప్పకపోయుంటే, నీ ఒక్కడి మాట పట్టుకుని అయినా మేడమ్ తో పోట్లాడేదాన్ని."

చీర అడ్డంగా ఉంది కాబట్టి దాని మొహం నాకు కనపడలేదు. నా మొహం దానికి కనపడలేదు. ఆ ఆరేసినవాళ్ళకి పుణ్యముంటుంది.

మేస్త్రీ ఒప్పందం తప్పలేదు. కోడలితో ఏదో కాలేజీ పని అన్నాడట. ఒక్కో గుర్తూ విడిగా చూపించాడు, నావీ వాడివీ అచ్చు గుద్దినట్టు సరిపోయాయట. నేను మర్చిపోయినవి కూడా కొన్ని చెప్పాడు. అవి నాకు చూపించి అడిగితే అవునని ఒప్పుకోక తప్పలేదు. పిల్ల మొహంలో మళ్ళీ వెలుగొచ్చింది. బొమ్మలు పెరిగాయి, కాగితాలు పెరిగాయి. భోజనం దగ్గర కూడా వాడి కబుర్లే. ఆ తాతగారు ఇలా అన్నారు, ఆ తాతగారికి అది భలే గుర్తుంది అని. ముద్ద మింగుతూ వినేవాణ్ణి. ఏ ముద్దకీ రుచి ఉండేది కాదు.

చిత్తుప్రతి తయారయింది. నాకు చదవమని ఇచ్చింది. వేలు పెట్టి, పల్లెటూరి బడిలో నేర్పినట్టు పైకి చదివాను. మొదట్లో షెడ్డు గురించి, రొద గురించి చాలా బాగా రాసింది. పిడుగు మాత్రం లేదు. గుర్తులు వరుసగా, మా ఇద్దరి చేతుల బొమ్మలతో. చివరి పేజీలో ఒక వాక్యం. "కొత్త యంత్రాల రాకతో ఈ సంజ్ఞలు క్రమంగా వాడుకలోంచి తప్పుకున్నాయి."

"క్రమంగానా?" అన్నాను. "ఒక్క పూటలో పోయినదాన్ని క్రమంగా అంటావా?"

"వ్యాసాల్లో అలాగే రాస్తారు తాతయ్యా."

"మగ్గాలకి ఏం తెలుసని ఆ పాపం వాటి నెత్తిన రుద్దావు?"

కాగితాలు తీసుకెళ్ళి మేడమ్ కి ఇచ్చింది.

తిరిగొచ్చినప్పుడు ఎక్కడా ఎర్ర సిరా లేదు, ఆ ఒక్క వాక్యం పక్కన తప్ప. అక్కడ మేడమ్ ఇలా రాసింది. "ఇది ఎవరు చెప్పారు? ఇద్దరి పేర్లూ కావాలి." తప్పు పట్టనని చెప్పాను కదా, ఆవిడ మంచి మేడమ్. నిజాలకి ఇద్దరు కావాలన్నావిడ అబద్ధానికి ఒక్కరితో సరిపెట్టుకుంటుందా? ఆవిడకి అది అబద్ధమని తెలీదు గానీ, వేలు మాత్రం సరిగ్గా దాని మీదే పెట్టింది.

ఒకడు దొరికాడు. మేస్త్రీ ఆ మాట కింద సంతోషంగా సంతకం పెట్టాడు. రెండోవాడు కావాలి.

మనవరాలు నా కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. మొదటి రోజు కూర్చున్నట్టే. చేతిలో ఒక్కటే కాగితం. పైన ఆ వాక్యం, కింద "పైన రాసినవి నేను చెప్పినవే", దాని కింద ఖాళీ.

"తాతయ్యా."

"ఊ."

"ఆ వాక్యం తీసేస్తే ముగింపే ఉండదు. ఎందుకు పోయాయో రాయాలి అన్నారు మేడమ్. నిజం రాస్తే ఆయన ఒప్పుకోడు, మొత్తానికి అడ్డం తిరుగుతాడు. నువ్వొక్క సంతకం పెడితే..."

కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు రాలాయి. కాగితం తడుస్తుందని పక్కకి పెట్టి, నా మోకాలి మీద తల పెట్టుకుని ఏడ్చింది. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ ఒళ్ళో ఏడ్చినట్టు. నేనే తల నిమిరి ఊరుకోబెట్టాను.

"పిచ్చిదానా, ఇన్నేళ్ళూ ఎవరూ అడక్కుండానే అబద్ధాలు చెప్పాను. నువ్వు నోరు తెరిచి అడిగితే ఒకటి చెప్పలేనా?" అన్నాను.

పెట్టాను సంతకం. మొదటి అక్షరం దగ్గర్నుంచి ఆఖరి ఒత్తు దాకా, పొందికగా. నా జీవితంలో నేను చెప్పినవాటిలో, చదువుకున్నవాళ్ళు ఒక్కళ్ళు కూడా అనుమానించని మాట అదొక్కటే. కాలేజీలో ఉంటుంది. నేను పోయినా ఉంటుంది. ఎవరైనా మళ్ళీ పరిశోధన చేస్తే, ఆ వాక్యం తీసుకుని కింద నా పేరు రాస్తారు. మా ఆవిడ ఊసు మాత్రం మా పిల్ల కృతజ్ఞతలు చెప్పుకున్న చోట ఉంది. "మా నాయనమ్మకి, ప్రేమతో." ప్రేమతోనే అట.

ఇక చెప్తానన్న లెక్క చెప్పేస్తాను. ప్రొఫెసర్లందరూ లేచి నిలబడ్డారన్నాను కదా. అందరూ అంటే ఒక్క మేడమే. నిలబడింది నిజమే. ఆవిడ బస్సుకి టైమయింది. ఈ భాష నాకూ ఇంకో దుర్మార్గుడికీ తప్ప రాదన్నది కూడా ఇప్పుడు తప్పే. మా మనవరాలికి మా ఇద్దరికంటే బాగా వచ్చు. మొన్న వీధి చివర్నుంచి బొటనవేలు కింది పెదవికి ఆనించి అడిగింది. తిన్నానన్నాను. తినలేదు. అంత దూరం నుంచి కూడా చెవి తమ్మె పట్టుకుని లాగింది. నవ్వొచ్చింది.

పిడుగు సంగతి అప్పుడే చెప్పేశాను. పక్షి సంగతి మీరే తేల్చుకోండి. మేస్త్రీ వంగడం, వాడి కత్తెర వేళ్ళు, మెట్ల మీది తడిబట్టలు, అన్నీ జరిగినవే.

నేను కల్పించింది ఒక్కటే. ఆ పిల్ల ఏడ్చిందన్నాను చూడండి, మోకాలి మీద తల పెట్టుకుని, అది జరగలేదు. నాకే అలా ఉంటే బాగుంటుందనిపించి రాశాను. ఆ పిల్ల ఏడవలేదు. పెన్ను మూత తీసి, నాకు అందించింది.